పన్నెండు దేశాలు, ఒక క్లాసు గది: పసిఫిక్ దీవుల నుంచి ఒక కేస్ స్టడీ

ముందు నా ప్రాజెక్టు ఎలా దెబ్బతిందో చెప్పేస్తాను. అది దాచుకుని ఈ కేసు రాస్తే సగమే చెప్పినట్టు.

2017లో ఫిజీ రాజధాని సువాలో ఒక సంస్థ తరఫున యువజన కార్యక్రమాలు చూసేవాణ్ణి. అంతకుముందు చాలా ఏళ్లు ఉత్తరాంధ్ర తీరంలో యువజన సంఘాలతో పనిచేశాను. సముద్రం పక్కన బతికే జనం ఎక్కడైనా ఒకటేలే అన్న ధైర్యంతో వెళ్లాను. మాకు అప్పజెప్పిన పని: ఆరు దీవి దేశాల నుంచి ఇరవై నలుగురు యువతీ యువకులను ఒకచోట చేర్చి, నాయకత్వ శిక్షణ ఇచ్చి, "ప్రాంతీయ యువజన నెట్‌వర్క్" తయారు చేయడం.

ఫిజీలోనే నాందీ పట్టణంలో ఒక హోటల్లో ఐదు రోజుల వర్క్‌షాప్ పెట్టాం. బడ్జెట్‌లో సగానికి పైగా విమానం టిక్కెట్లకే పోయింది. అక్కడ ఒక దీవి నుంచి ఇంకో దీవికి విమానాలు వారానికి రెండో మూడో ఉంటాయి. ఒకటి తప్పిపోతే మళ్లీ మూడు రోజులు ఆగాల్సిందే. కిరిబాటి రాజధాని తరావా నుంచి రావాల్సిన అమ్మాయి మూడో రోజు సాయంత్రానికి చేరింది. పేర్లు ఎంపిక చేసింది ఆయా దేశాల యువజన శాఖలు. పసిఫిక్‌లో చాలాచోట్ల యువత అంటే ముప్పై నాలుగు, ముప్పై ఐదేళ్ల దాకా లెక్క. దాంతో వచ్చినవాళ్లలో కొందరు ఇద్దరు ముగ్గురు పిల్లల తండ్రులు, శాఖల్లో ఉద్యోగులు. వాళ్ల తప్పేం లేదు, పంపితే వచ్చారు. చార్టులు అతికించాం, గ్రూపులుగా కూర్చున్నాం, కార్యాచరణ ప్రణాళిక రాశాం, గ్రూప్ ఫోటో దిగాం. వాట్సాప్ గ్రూపు పెట్టాం. ఆరు నెలలు తిరిగేసరికి అందులో పుట్టినరోజు శుభాకాంక్షలు తప్ప ఏమీ లేవు. చివరి రిపోర్టులో "లక్ష్యాలు నెరవేరాయి" అని రాసింది నేనే.

నేను అక్కడినుంచి బయల్దేరే ఏడాదే, 2019 మార్చిలో, వనువాటు రాజధాని పోర్ట్ విలాలో ఇరవై ఏడు మంది లా విద్యార్థులు ఒక సంఘం పెట్టారు. ఎనిమిది పసిఫిక్ దేశాల పిల్లలు. వాతావరణ మార్పు మీద అంతర్జాతీయ న్యాయస్థానం అభిప్రాయం అడగాలన్నది వాళ్ల కోరిక. ఆరేళ్ల తర్వాత, 2025 జూలై 23న, హేగ్‌లో ఆ న్యాయస్థానం ఏకగ్రీవంగా తన అభిప్రాయం చదివి వినిపించింది.

ఈ కథను అందరూ వాతావరణ ఉద్యమ కథగానే చెబుతారు. మా పనిలో ఉన్నవాళ్లకి మాత్రం ఇది పొరుగు దేశాల మధ్య యువజన సహకారం గురించిన కేసు. మేం డబ్బు పోసి, ప్రణాళిక వేసి, చేయలేకపోయిన పని వాళ్ల చేతుల్లో ఎలా అయిందన్నదే నా ప్రశ్న.

ఆ గది ఎక్కడిది

జవాబు 2019లో లేదు, 1968లో ఉంది. ఆ ఏడాది సువాలో యూనివర్సిటీ ఆఫ్ ద సౌత్ పసిఫిక్ మొదలైంది. సువా పక్కన లౌథాలా తీరంలో న్యూజిలాండ్ వైమానిక దళం ఖాళీ చేసి వెళ్లిన సీప్లేన్ల స్థావరంలో దాన్ని పెట్టారు. దానికి యజమాని ఒక దేశం కాదు, పన్నెండు. ఫిజీ, సమోవా, టోంగా, వనువాటు, సాలమన్ దీవులు, కిరిబాటి, టువాలు, నౌరు, మార్షల్ దీవులు, కుక్ దీవులు, నియూయే, టోకెలావ్. వీటిలో కొన్నింటి జనాభా మన మండలం జనాభా కన్నా చాలా తక్కువ. టోకెలావ్‌లో పదిహేను వందల మంది, నియూయేలోనూ ఇంచుమించు అంతే. ఇలాంటి దేశం ఒంటరిగా యూనివర్సిటీ పెట్టుకోవడం కుదిరే పని కాదు. కలిసి పెట్టుకోవడం వాళ్లకు ఆదర్శం కన్నా ముందు అవసరం. ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి.

దాని పరిధి సుమారు 3 కోట్ల 30 లక్షల చదరపు కిలోమీటర్ల సముద్రం. అంటే మన దేశం లాంటివి పది. దూరవిద్య అనే మాట మన ఊళ్లలో పోస్టులో వచ్చే పుస్తకాలతో సరిపోయిన రోజుల్లో, 1970ల్లోనే, వాళ్లు నాసా పక్కన పెట్టిన పాత ఉపగ్రహం ఒకటి వాడుకుని దీవి నుంచి దీవికి ట్యుటోరియల్స్ నడిపారు. అంతర్జాతీయ దినరేఖ కూడా ఈ ప్రాంతం మధ్యలోంచే పోతుంది. సువాలో సోమవారం క్లాసు పెడితే కుక్ దీవుల్లో అది ఆదివారం, చర్చికి వెళ్లే రోజు. సమోవా అయితే ఈ గొడవ భరించలేక 2011లో డిసెంబరు 30ని క్యాలెండర్లోంచే తీసేసి రేఖకు ఇవతలికి వచ్చేసింది. మేం ఆన్‌లైన్ మీటింగ్ పెట్టిన ప్రతిసారీ ఎవరో ఒకరు తప్పు రోజున లాగిన్ అయ్యేవారు. యూనివర్సిటీ వాళ్లు యాభై ఏళ్లుగా ఈ లెక్కతోనే బతుకుతున్నారు.

లా స్కూలు సువాలో లేదు, పోర్ట్ విలాలోని ఎమలుస్ క్యాంపస్‌లో ఉంది. వ్యవసాయం సమోవాలోని అలాఫువాలో. దీనివల్ల ఖర్చు పెరిగిందని నాతో గొణిగినవాళ్లున్నారు. నాకు మాత్రం ఈ కేసులో సగం బలం అక్కడే కనిపిస్తుంది. సాలమన్ దీవుల పిల్ల, ఫిజీ పిల్లాడు, టోంగా పిల్లాడు ఏళ్ల తరబడి పరాయి దేశంలో ఒకే హాస్టల్లో ఉంటారు. చదివేది ఒక్క దేశపు చట్టం కాదు, దీవులన్నిటి చట్టాలూ, వాటితో పాటు ఆచార చట్టం. వనువాటు బిస్లామా, సాలమన్ పిజిన్ అక్కచెల్లెళ్లలాంటి భాషలు, కాబట్టి ఆ రెండు దేశాల పిల్లలకు మధ్యలో ఇంగ్లీషు అక్కర్లేదు. సాయంత్రం నకమాల్‌లో, అంటే ఊరందరూ కూడే చోట, కావా అనే వేరు పానీయం తాగుతూ కూర్చుంటే దేశాల సరిహద్దులు ఎవరికి గుర్తుంటాయి? నేను ఐదు రోజుల్లో చార్టులతో చేయాలనుకున్నది వాళ్లకు కొన్ని సెమిస్టర్లలో ఎవరూ చెప్పకుండానే జరిగిపోయింది.

ఇక్కడ మనవాళ్ల ముచ్చట ఒకటి. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి చెరకు తోటల్లో కూలికి ఫిజీ వెళ్లినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. గిర్మిట్ అనే ఆ కూలి ఒప్పందం తీరాక, పిల్లల చదువుకి సర్కారు చేసేది చాలక, దక్షిణాది వాళ్లంతా కలిసి 1926లో నాందీలో సంగం పెట్టుకుని బడులు కట్టుకున్నారు. తర్వాత 1941లో తెలుగువాళ్లు వేరుగా ఆంధ్ర సంగం పెట్టుకున్నారు. ఇవాళ వాళ్ల మనవలు ఇళ్లలో మాట్లాడేది ఎక్కువగా ఫిజీ హిందీయే, అయినా సంగం బడుల్లో అన్ని జాతుల పిల్లలూ చదువుతున్నారు. అవసరం కొద్దీ కలిసి కట్టుకున్నది నిలుస్తుందనడానికి ఆ దీవుల్లో ఇది ఇంకో ఉదాహరణ.

అడిగింది ఒక్కటే

అంతర్జాతీయ పర్యావరణ చట్టం క్లాసులో టీచరు ఇచ్చిన పని నుంచే ఇది పుట్టింది: వాతావరణ మార్పు విషయంలో పసిఫిక్ దేశాలకు ఉన్న చట్టపరమైన దారుల్లో అన్నిటికన్నా పెద్దది ఏది? పిల్లలు వెతికి తేల్చింది అంతర్జాతీయ న్యాయస్థానం సలహా అభిప్రాయం. ఐక్యరాజ్యసమితి సాధారణ సభ అడిగితే న్యాయస్థానం చెబుతుంది. తీర్పులా అది ఎవరినీ కట్టిపడేయదు, కానీ దాని మాటను ప్రపంచంలో ఏ కోర్టూ తేలిగ్గా తీసిపారేయలేదు.

ఆలోచన కొత్తది కాదు. 2011లో పలావు దేశాధ్యక్షుడు ఇదే చేస్తానని ప్రకటించారు. పెద్ద దేశాల ఒత్తిడి, తోడు లేకపోవడం కలిసి అది అక్కడే ఆగింది. విద్యార్థుల తెలివి ఆలోచనలో కన్నా పద్ధతిలో ఉంది. ఆ ప్రాంతపు దేశాల కూటమి అయిన పసిఫిక్ దీవుల ఫోరం నాయకులందరికీ ఉత్తరాలు రాశారు. అందులో "యువతకు సాధికారత", "సమగ్ర అభివృద్ధి" లాంటి మాటలు కాకుండా ఒకే ఒక కోరిక పెట్టారు. మా ప్రణాళికలో ఎన్ని కోరికలు ఉన్నాయో ఇప్పుడు నాకే గుర్తు లేదు.

అప్పటి వనువాటు విదేశాంగ మంత్రి రాల్ఫ్ రెగెన్వాను ఆ పిల్లల మాట విన్నారు. 2019 ఆగస్టులో టువాలులో జరిగిన ఫోరం నాయకుల సమావేశం ఈ ప్రతిపాదనను సానుకూలంగా గుర్తించింది. దౌత్య భాషలో అంటే, బాగుంది, చూద్దాం అని. ఇలాంటి "చూద్దాం" మన ప్రభుత్వ ఆఫీసుల్లో ఎన్నేళ్లు ఉంటుందో తెలిసిన నాకు అది మర్యాదగా తలుపేయడంలాగే అనిపించింది. పిల్లలు దాన్ని తలుపు తెరిచినట్టు తీసుకున్నారు.

తర్వాత కోవిడ్ వచ్చింది. సరిహద్దులు మూసేశారు, విమానాలు ఆగిపోయాయి. నాలాంటివాళ్ల ప్రాజెక్టులన్నీ ఆ ఏడాది నిలిచిపోయాయి, ఎందుకంటే మా సహకారమంతా విమానాల మీదే ఉంది. విద్యార్థులు ఆన్‌లైన్‌లోనే పని కొనసాగించారు. 2020లో పసిఫిక్ బయటి దేశాల యువత వాళ్లతో కలిసి ప్రపంచ స్థాయిలో ఇంకో సంఘం పెట్టింది. 2021 సెప్టెంబరులో వనువాటు ప్రభుత్వం ఈ పని తన నెత్తిన వేసుకుంటున్నానని ప్రకటించింది. గువామ్ దీవికి చెందిన లాయరు జూలియన్ అగ్వాన్ బృందం న్యాయపరమైన పని చూసింది. వనువాటు ఇంకో పదిహేడు దేశాలను పోగుచేసి ఒక బృందం కట్టింది. అందులో బంగ్లాదేశ్, వియత్నాం, కోస్టారికా, ఉగాండా, జర్మనీ ఉన్నాయి. ఇది దీవుల వాళ్ల గొడవ అని ఎవరూ తోసేయకుండా ఉండటానికి అలా చేశారు.

2023 మార్చి మొదటి వారంలో జూడీ, కెవిన్ అనే రెండు తుఫాన్లు వెంటవెంటనే వనువాటు మీద పడ్డాయి. అదే నెల 29న సాధారణ సభ న్యాయస్థానం అభిప్రాయం కోరే తీర్మానాన్ని ఓటింగ్ లేకుండా ఆమోదించింది. 132 దేశాలు సహ ప్రతిపాదకులుగా నిలిచాయి.

హేగ్‌లో విచారణ 2024 డిసెంబరు 2 నుంచి 13 దాకా జరిగింది. 96 దేశాలు, 11 అంతర్జాతీయ సంస్థలు వాదనలు వినిపించాయి. మొదటి రోజే సాలమన్ దీవుల అమ్మాయి, ఆ విద్యార్థి సంఘం అధ్యక్షురాలు సింథియా హౌనియుహి న్యాయమూర్తుల ముందు మాట్లాడింది. విచారణ ముగిసిన నాలుగు రోజులకు, డిసెంబరు 17న, పోర్ట్ విలాను 7.3 తీవ్రతతో భూకంపం కుదిపేసింది. ఒకపక్క కూలిన ఇళ్లు, ఇంకోపక్క హేగ్ నుంచి వచ్చే కాగితాలు. వనువాటులో పని ఎప్పుడూ ఇలాగే ఉంటుంది.

అభిప్రాయంలో ఏముందో క్లుప్తంగా చెబుతాను. వాతావరణాన్ని కాపాడటం దేశాల చట్టపరమైన బాధ్యత. బాధ్యత తప్పితే అది అంతర్జాతీయ తప్పిదం అవుతుంది, నష్టపరిహారం దాకా పోవచ్చు. బొగ్గు, చమురు, గ్యాస్ తవ్వకాలకు లైసెన్సులు, సబ్సిడీలు ఇవ్వడం కూడా అందులోకి రావచ్చు. దీవుల వాళ్లకు అన్నిటికన్నా దగ్గరిది ఇంకోటి ఉంది: తీరం మునిగిందని ఒక దేశం తన సముద్ర సరిహద్దులు మళ్లీ గీసుకోనక్కర్లేదు, భూభాగం పోయినంత మాత్రాన ఆ దేశం దేశం కాకుండా పోవాలనీ లేదు. టువాలు పిల్లవాడికి ఈ ఒక్క వాక్యం చాలు.

పెద్దవాళ్లు పోట్లాడుకుంటుంటే

ఈ ఆరేళ్లూ పసిఫిక్ ఒక్కతాటి మీద ఉందనుకుంటే పొరపాటు. నా దృష్టిలో కేసులో అసలు విషయం ఇక్కడే ఉంది.

2021 ఫిబ్రవరిలో ఫోరం చీలిపోయింది. సెక్రటరీ జనరల్ పదవి ఈసారి తమ వంతని మైక్రోనేసియా దేశాలు అన్నాయి. పదవి కుక్ దీవుల హెన్రీ పునాకి వెళ్లింది. పలావు, మార్షల్ దీవులు, మైక్రోనేసియా సమాఖ్య, కిరిబాటి, నౌరు, ఐదూ బయటికి పోతామన్నాయి. 2022 జూన్‌లో సువాలో రాజీ కుదిరింది. అయినా జూలైలో నాయకుల సమావేశం మొదలయ్యే ముందు కిరిబాటి తాను తప్పుకుంటున్నానని ఉత్తరం రాసింది. తిరిగి వచ్చింది మరుసటి ఏడాది. సరిగ్గా ఆ 2022 జూలై సమావేశంలోనే, కిరిబాటి కుర్చీ ఖాళీగా ఉండగా, నాయకులు న్యాయస్థానం ప్రతిపాదనకు మద్దతు పలికారు.

అదే 2021 ఫిబ్రవరిలో ఇంకోటి జరిగింది. పాత యాజమాన్యం హయాంలో అవకతవకలు జరిగాయంటూ 2019లో నివేదిక ఇచ్చిన యూనివర్సిటీ వైస్ చాన్సలర్ పాల్ అహ్లువాలియాను ఫిజీ ప్రభుత్వం తెల్లవారకముందే ఇంటినుంచి తీసుకెళ్లి విమానం ఎక్కించి దేశం దాటించింది. తన వాటా నిధులు కూడా ఆపేసింది. ఆ యూనివర్సిటీలో చదివేవాళ్లలో ఎక్కువమంది ఫిజీ వాళ్లే, డబ్బులో పెద్ద వాటా కూడా దానిదే. ఇంకో ప్రాంతీయ సంస్థ అయితే అక్కడితో సగం చచ్చేది. మిగతా దేశాలు ఆయన్ను వదులుకోలేదు. ఆయన నౌరు నుంచి, తర్వాత సమోవా నుంచి యూనివర్సిటీని నడిపారు. 2022 చివర్లో ఫిజీలో ప్రభుత్వం మారాక గానీ సువాలో అడుగుపెట్టలేదు.

సంస్థ పన్నెండు చోట్ల ఉండటం వల్లే ఒక చోట గొంతు పట్టుకున్నా ఊపిరాడింది. లా స్కూలు సువాలోనే ఉండి ఉంటే ఆ పిల్లల కథ ఏమయ్యేదో అని అప్పుడప్పుడు అనిపిస్తుంది. ఖర్చు పెరిగిందని గొణిగినవాళ్లు గుర్తొస్తారు.

నా లెక్కలో తప్పు ఎక్కడ

పసిఫిక్‌కు యువజనాభివృద్ధి విధాన పత్రం లేక కాదు. 2014 నుంచి 2023 దాకా అమలు కావాల్సిన ప్రాంతీయ చట్రం ఒకటి ఉండేది. అందులో ఉద్యోగాలు, ఆరోగ్యం, పాలనలో భాగస్వామ్యం, పర్యావరణం అన్నీ ఉన్నాయి. బాగా రాసిన పత్రమే. మా ప్రాజెక్టు ప్రతిపాదనలో దాన్ని పేజీకోసారి ఉటంకించాం. నిధులిచ్చేవాళ్లకు అలా రాస్తే నచ్చుతుంది.

మొదటి తప్పు, మేం పరిచయాలను అసలు పనిగా పెట్టుకున్నాం. ఇరవై నలుగురు ఒకరికొకరు తెలిస్తే తర్వాత వాళ్లే ఏదో చేస్తారని. ఎమలుస్‌లో పరిచయాలు హాస్టల్ చేసిపెట్టింది, పిల్లలకు మిగిలింది పని మాత్రమే. మా వాళ్లకు వర్క్‌షాప్ అయ్యాక కలిసి చేయాల్సిన పనేమీ లేదు, కాబట్టి పుట్టినరోజులు చెప్పుకున్నారు. అందులో వాళ్లను అనాల్సింది లేదు.

రెండోది వారసత్వం. విద్యార్థులు మూడు నాలుగేళ్లలో డిగ్రీ తీసుకుని వెళ్లిపోతారు. ఏ విద్యార్థి సంఘానికైనా ఇది గండమే. ఇక్కడ మొదట ప్రచారం నడిపిన సాలమన్ యో అనే కుర్రాడి తర్వాత పగ్గాలు ఫిజీకి చెందిన విశాల్ ప్రసాద్ చేతికి వచ్చాయి. మొదటి బ్యాచ్ వాళ్లు లాయర్లయి, దౌత్యవేత్తల పక్కన కూర్చుని అదే పని ఇంకో హోదాలో చేశారు. మా నెట్‌వర్క్‌లో వారసుడన్న ఆలోచనే లేదు. ఎంపికైన ఇరవై నలుగురే దానికి మొదలూ చివరా.

మూడోదాన్ని మా వాళ్లు ఒప్పుకోరు, అయినా చెబుతాను. ఆ పిల్లల్ని మొదట్లో ఎవరూ "యువత" అని పిలిచి వేదిక ఇవ్వలేదు. వాళ్లు లా విద్యార్థులుగా, తమ చదువులోంచి వచ్చిన ప్రశ్నతో వచ్చారు. మేమేమో మనిషిని పిలిచి, మెడలో "యూత్ లీడర్" అని కార్డు వేసి, ఇప్పుడు ఏదైనా చెప్పు అన్నాం.

2025లో, ప్రత్యామ్నాయ నోబెల్ అని పేరున్న రైట్ లైవ్లీహుడ్ అవార్డు ఆ విద్యార్థి సంఘానికీ జూలియన్ అగ్వాన్‌కీ కలిపి వచ్చింది. ఆ వార్త చూసి నా పాత వాట్సాప్ గ్రూపు తెరిచాను. ఎవరో అప్పటికే లింకు పెట్టారు. కింద ఐదు చప్పట్ల బొమ్మలు.

ఈ కేసు చెప్పనిది

దీన్ని విజయగాథగా మాత్రమే తీసుకుని మన దగ్గర శిక్షణల్లో వాడుతున్నవాళ్లను చూశాను. రెండు విషయాలు వదిలేస్తున్నారు.

ఒకటి మన దేశపు వైఖరి. హేగ్‌లో భారత్ కూడా వాదించింది. ఇప్పటికే ఉన్న వాతావరణ ఒప్పందాలను దాటి న్యాయస్థానం కొత్త బాధ్యతలు సృష్టించకూడదన్నది మనవాళ్ల మాట. చరిత్రలో ఎక్కువ కాలుష్యం చేసినవాళ్లే ముందు బాధ్యత పడాలన్నది రెండో మాట. దీవుల పిల్లల కోరికకూ మన వాదనకూ మధ్య దూరం ఉంది. శిక్షణలో ఈ కేసు చెప్పేటప్పుడు ఆ దూరాన్ని కూడా పెట్టాలి. లేకపోతే మనం ఎప్పుడూ దీవుల పక్షానే ఉన్నామని పిల్లలు అనుకుంటారు.

రెండోది నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది. వనువాటులో, సాలమన్ దీవుల్లో జనాభాలో సగం మంది ఇంచుమించు ఇరవై ఏళ్ల లోపువాళ్లే. వాళ్లలో యూనివర్సిటీ గడప తొక్కేది కొద్దిమంది. మిగతావాళ్లలో చాలామంది మధ్యలోనే బడి మానేసి తోటలో, పడవలో, లేదా పోర్ట్ విలా వీధుల్లో ఉంటారు. వీళ్లకు సంబంధించినంతవరకు పొరుగు దేశాలతో సహకారం అంటే ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ తోటల్లో పండ్లు కోసే సీజనల్ వీసా. న్యూజిలాండ్ 2007లో ఆ పథకం మొదలుపెట్టింది, తర్వాత ఆస్ట్రేలియా. ఊళ్లకు ఊళ్లే ఆ డబ్బుతో ఇళ్లు కట్టుకున్నాయి, తుఫాను తర్వాత మళ్లీ కట్టుకున్నాయి. చేతికందిన కుర్రాళ్లు లేక తోటలు పాడుపడిన ఊళ్లూ ఉన్నాయి. ఎమలుస్ హాస్టల్ లాంటిది వీళ్లకు ఏది? క్వీన్స్‌లాండ్ తోట పక్క కార్మికుల క్వార్టర్సా? అక్కడ కూడా వనువాటు, సాలమన్, ఫిజీ కుర్రాళ్లు నెలల తరబడి కలిసే ఉంటారు, వండుకుంటారు, పిజిన్‌లో మాట్లాడుకుంటారు. ఆ కలయికను యువజన కార్యక్రమంగా ఎవరైనా చూశారా అని వెతికితే నాకు పెద్దగా ఏమీ దొరకలేదు. నేను కూడా సువాలో ఉన్నప్పుడు ఆ వైపు చూడలేదు.

మా వర్క్‌షాప్‌కి వచ్చినవాళ్లలో వనువాటులోని టన్నా దీవి కుర్రాడు ఒకడు, ఐదు రోజుల్లో పెద్దగా నోరు విప్పనివాడు, ఇప్పుడు ఆస్ట్రేలియాలో పండ్ల తోటలో పనిచేస్తున్నాడు. న్యాయస్థానం అభిప్రాయం వచ్చిన వారంలో ఫోన్ చేసి, మీ దేశం గెలిచింది కదా అన్నాను. ఫేస్‌బుక్‌లో చూశానన్నాడు, మా పెదనాన్న ఊళ్లో రేడియోలో విని ఏడ్చాడట అన్నాడు. కాసేపు ఆగి, సీజన్ అయిపోవచ్చింది, కాంట్రాక్టు ఇంకో ఆరు నెలలు పొడిగించడానికి ఎవరితో మాట్లాడాలో నీకేమైనా తెలుసా అన్నా అని అడిగాడు. నాకు తెలియలేదు.